సీసాలో ఉన్నది ఏ ప్రొటీన్? కుక్కల్లో కీటకాల ఎలర్జీ, దానికి ఇమ్యునోథెరపీ

కుక్కకు కీటకాల ఎలర్జీ ఉందని పశువైద్యుడు చెప్పగానే యజమాని సాధారణంగా రెండు ప్రశ్నలు వేస్తాడు. ఇది ఏ పురుగు వల్ల వచ్చింది? ఇంజెక్షన్ల కోర్సు ఏదో ఉందంటారు కదా, అది చేయిస్తే తగ్గుతుందా? రెండో ప్రశ్నకు జవాబు పూర్తిగా మొదటి ప్రశ్న జవాబును బట్టే ఉంటుంది. కీటకాల ఎలర్జీ అనే ఒక్క పేరు కింద నిజానికి మూడు వేర్వేరు సమస్యలున్నాయి. రక్తం పీల్చే పురుగు కుట్టేటప్పుడు చర్మంలోకి వదిలే లాలాజలం వల్ల వచ్చేది మొదటిది. పురుగు కుట్టకపోయినా దాని శరీరపు పొడి, విసర్జితాలు దుమ్ములో కలిసి చర్మానికి తగలడం వల్ల వచ్చేది రెండోది. తేనెటీగ, కందిరీగ, కొన్ని జాతుల చీమలు తమను తాము కాపాడుకోవడానికి ఎక్కించే విషం వల్ల వచ్చేది మూడోది. ఎలర్జీ తెచ్చే ప్రొటీన్‌నే కొద్దికొద్దిగా పెంచుతూ ఎక్కించే ఆ ఇంజెక్షన్ల కోర్సు పేరే ఇమ్యునోథెరపీ. అది మొదటి దానిలో దాదాపు పనికిరాదు, రెండో దానిలో ప్రధాన చికిత్సల్లో ఒకటి, మూడో దానిలో ప్రాణాలు నిలబెట్టగలదు. చికిత్స పేరు ఒకటే అయినా ఫలితాల్లో ఇంత తేడా ఎందుకో తెలియాలంటే, ఇంజెక్షన్ సీసాలో నిజంగా ఏ ప్రొటీన్ ఉందన్న ప్రశ్నను వదలకుండా పట్టుకోవాలి.

మూడింటికీ మూలం మాత్రం ఒక్కటే. కొన్ని కుక్కల శరీరం ఏదో ఒక పురుగు ప్రొటీన్‌తో తొలి పరిచయాల్లోనే దానికి ఎదురుగా ఐజీఈ అనే యాంటీబాడీలను తయారు చేసుకుంటుంది. ఆ దశలో బయటికి ఏమీ కనిపించదు. ఆ యాంటీబాడీలు చర్మంలో, పేగుల్లో, కాలేయంలో ఉండే మాస్ట్ కణాలకు అతుక్కుని ఉంటాయి. అదే ప్రొటీన్ మళ్లీ వచ్చి పక్కపక్కనున్న ఐజీఈలను తాకినప్పుడు మాస్ట్ కణం తనలో నిల్వ ఉన్న హిస్టమిన్ వంటి రసాయనాలను ఒక్కసారిగా బయటికి వదిలేస్తుంది. అది చర్మంలో ఒక చోటికే పరిమితమైతే దురద, వాపు, దద్దుర్లు వస్తాయి. ఒళ్లంతా ఒకేసారి జరిగితే రక్తపోటు పడిపోయి కుక్క కుప్పకూలుతుంది. మొదటి నిమిషాల ఈ ప్రతిచర్య తర్వాత, ఒకటి రెండు రోజులకు వేరే రకం కణాలు అక్కడికి చేరి రెండోసారి మంట రేపడం కూడా కుక్కల్లో మామూలే. అందుకే పురుగు ఎప్పుడో వెళ్లిపోయినా దురద ఆగదు.

మొదటి రకానికి అసలైన ఉదాహరణ ఫ్లీ. ఫ్లీ అంటే రెక్కలు లేని, ఎత్తుకు గెంతే, గోధుమ రంగు చిన్న పురుగు. మాటల్లో దీన్ని పేలతోనూ, చర్మాన్ని కరిచి పట్టుకుని ఉబ్బే పిడుదులతోనూ కలిపేస్తుంటారు గానీ మూడూ వేర్వేరు జీవులు. కుక్కల మీద ఎక్కువగా కనిపించేది పిల్లి ఫ్లీ అన్న జాతే కావడం ఒక తమాషా. ఇది కుట్టేటప్పుడు రక్తం గడ్డకట్టకుండా వదిలే లాలాజలంలోని ప్రొటీన్లే ఎలర్జీకి కారణం. దురద ఎక్కడ మొదలైందో చూస్తేనే చాలావరకు గుట్టు తెలిసిపోతుంది. నడుము చివర, తోక మొదలు, వెనక తొడల లోపలి వైపు కుక్క పళ్లతో కొరుక్కుంటుంది. అక్కడ వెంట్రుకలు రాలి, చర్మం మందమై నల్లబడుతుంది. ముఖం, చెవులు, పాదాల దగ్గర మొదలైన దురదను ఫ్లీ ఖాతాలో వేసే ముందు ఇంకోసారి ఆలోచించాలి.

యజమానులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. “మా కుక్క మీద ఒక్క ఫ్లీ కూడా లేదు, మరి ఫ్లీ ఎలర్జీ ఎలా వస్తుంది?” అంటారు. ఎలర్జీ ఉన్న కుక్క దురదకు తాళలేక ఒళ్లంతా నాకుతూ, కొరుకుతూ పురుగులను మింగేస్తుంది. అందుకే దాని మీద అవి కనిపించవు. ఎలర్జీ లేని కుక్క మీద వందల ఫ్లీలు ఉన్నా అది నిశ్చింతగా పడుకుంటుంది. ఎలర్జీ ఉన్నదానికి కొద్దిపాటి కాట్లే చాలు. చిన్నప్పటి నుంచీ ఎడతెరిపి లేకుండా ఫ్లీల మధ్య పెరిగిన కుక్కల కంటే, అప్పుడప్పుడు మాత్రమే వాటి బారిన పడే కుక్కల్లో ఎలర్జీ తీవ్రంగా వచ్చే అవకాశం ఎక్కువ. అంటే శుభ్రమైన ఇంట్లో ఉండి, ఎప్పుడో ఒకసారి బయట ఫ్లీ కాటుకు గురయ్యే కుక్కే ఎక్కువ బాధ పడవచ్చు. దగ్గరి పళ్ల దువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి రేణువులను తడి కాగితం మీద వేస్తే ఎర్రటి మరక వస్తుంది. ఆ రేణువులు ఫ్లీ మలం, అంటే జీర్ణమైన రక్తం. అంతకంటే చవకైన పరీక్ష లేదు.

ఫ్లీ లాలాజలం ఎలర్జీకి ఇమ్యునోథెరపీ చేయాలన్న ఆలోచన పశువైద్యులకు ఎప్పుడో వచ్చింది. ప్రయత్నించారు కూడా. కానీ వాడింది పురుగు మొత్తాన్ని నూరి తీసిన సారం. అందులో పురుగు కాళ్లు, కడుపు, పైపెంకు తాలూకు ప్రొటీన్లు ఎక్కువగా, అసలు నేరస్థుడైన లాలాజల ప్రొటీన్ అతి తక్కువగా ఉంటాయి. ఫలితం నిరాశాజనకం. స్వచ్ఛమైన లాలాజలాన్ని సేకరించడం అంత చిన్న పురుగు నుంచి సులభం కాదు. పైగా ఆ శ్రమ పడాల్సిన అవసరం కూడా క్రమంగా తగ్గిపోయింది. ఎందుకంటే ఇక్కడ ఎలర్జీ కారకాన్ని పూర్తిగా తొలగించడం సాధ్యమే.

అఫోక్సొలానర్, ఫ్లూరలానర్, సారొలానర్, లోటిలానర్ వంటి, ఫ్లీలను చంపే ఐసోక్సజోలిన్ వర్గపు మందులు వచ్చాక ఈ వ్యాధి తీరే మారిపోయింది. వీటిలో చాలావరకు నెలకొకసారి ఇచ్చే మాత్రలు. ఫ్లూరలానర్ మాత్ర 12 వారాలు పనిచేస్తుంది. వణుకు, తూలడం, ఫిట్స్ వంటి నాడీ సంబంధమైన దుష్ప్రభావాలు కొన్ని జంతువుల్లో రావచ్చని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది కాబట్టి, గతంలో ఫిట్స్ వచ్చిన కుక్క విషయంలో వైద్యుడికి ఆ సంగతి తప్పక చెప్పాలి. మందు ఒక్కటే సరిపోదు. ఏ సమయంలో చూసినా ఫ్లీ జనాభాలో కుక్క మీద ఉండే పెద్ద పురుగులు కొద్ది భాగమే. మిగిలినదంతా గుడ్లుగా, లార్వాలుగా, ప్యూపాలుగా పరుపుల్లో, తివాచీల్లో, నేల పగుళ్లలో ఉంటుంది. ప్యూపా తన గూటిలో నెలల తరబడి ఓపిగ్గా ఉండి, అడుగుల చప్పుడూ ఒంటి వెచ్చదనమూ తగలగానే బయటికి వస్తుంది. అందుకే ఇంట్లోని జంతువులన్నిటికీ ఒకేసారి, కొన్ని నెలల పాటు, ఒక్క మోతాదూ తప్పకుండా మందు వేయాలి. కుక్కకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లికి విషమన్న సంగతి ఆ ఊపులో మరచిపోకూడదు.

రెండో రకంలో కథ పూర్తిగా వేరు. ఇక్కడి ప్రధాన పాత్రధారి ఇంటి దుమ్ములో ఉండే డస్ట్ మైట్. శాస్త్రం ప్రకారం ఇది కీటకమే కాదు. దానికి ఎనిమిది కాళ్లుంటాయి, అది సాలీళ్లకు బంధువు. అయినా ఎలర్జీ చర్చలో దీన్ని కీటకాల పక్కనే పెట్టక తప్పదు. మైట్ల కండరాల్లోని ట్రోపోమయోసిన్, ఆర్జినిన్ కైనేజ్ వంటి ప్రొటీన్లు బొద్దింకల్లో, ఇతర పురుగుల్లో కూడా దాదాపు అదే రూపంలో ఉంటాయి కాబట్టి, ఒకదానికి తయారైన ఐజీఈ ఇంకొకదాన్ని కూడా పట్టుకోగలదు. ఈ బంధుత్వం ఊహించని చోట కూడా ఎదురవుతుంది. ఎలర్జీ ఉన్న కుక్కలకు మేలని చెప్పి పిండిపురుగుల ప్రొటీన్‌తో చేసిన ఆహారాలు అమ్ముతున్నారు. మైట్ల ఎలర్జీ ఉన్న కుక్కల రక్తంలోని ఐజీఈ ఆ పిండిపురుగు ప్రొటీన్లకు కూడా అతుక్కుంటున్నట్టు ప్రయోగశాలల్లో కనబడింది. అలా అతుక్కున్నంత మాత్రాన తిన్న ప్రతి కుక్కకూ దురద వస్తుందని కాదు. అయినా “కీటకాల ఆహారం కాబట్టి ఎలర్జీ రాదు” అన్న మాటను కళ్లు మూసుకుని నమ్మడానికి మాత్రం వీల్లేదు.

మైట్ల ఎలర్జీ కుక్కల్లో ఎక్కువగా అటోపిక్ డెర్మటైటిస్‌గా, అంటే పరిసరాల్లోని పదార్థాల ఎలర్జీ వల్ల వచ్చే దీర్ఘకాలపు చర్మ వ్యాధిగా కనిపిస్తుంది. పాదాలు నాకడం, చెవులు పదేపదే పాడవడం, ముఖం నేలకేసి రుద్దడం, చంకల్లోనూ పొట్ట కిందా ఎర్రబడటం దాని గుర్తులు. ఈ వ్యాధిని రక్త పరీక్షతో నిర్ధారించవచ్చనే నమ్మకం చాలామందిలో ఉంది. అది తప్పు. ఏ దురదా లేని ఆరోగ్యవంతమైన కుక్కల్లో కూడా మైట్లకు ఐజీఈ కనిపిస్తుంది. పైగా మొక్కల పుప్పొడిలో, పురుగుల్లో, తేనెటీగ విషంలో ఉండే ఒక రకం చక్కెర గొలుసులకు తయారైన యాంటీబాడీలు రక్త పరీక్షలో అన్నిటికీ పాజిటివ్ చూపించి తప్పుదోవ పట్టిస్తాయి. వాటికి ఒంట్లో ఎలర్జీ పుట్టించే శక్తి దాదాపు ఉండదు. ముందుగా ఫ్లీలను, గజ్జి మైట్లను, బ్యాక్టీరియా, ఈస్ట్ ఇన్‌ఫెక్షన్లను తొలగించాలి. తర్వాత కొన్ని వారాల పాటు కట్టుదిట్టమైన ఆహార పరీక్ష చేసి ఆహార ఎలర్జీ కాదని తేల్చాలి. ఇవన్నీ అయ్యాక మిగిలేదే అటోపిక్ డెర్మటైటిస్. చర్మ పరీక్ష, రక్త పరీక్ష వచ్చేది అప్పుడే. వ్యాధి ఉందా లేదా తేల్చడానికి కాదు, సీసాలో ఏం నింపాలో తెలుసుకోవడానికి. చర్మ పరీక్షకు ముందు స్టెరాయిడ్ మాత్రలను సుమారు రెండు వారాలు, యాంటీహిస్టమిన్లను ఒక వారం ఆపమంటారు. ఎక్కువ కాలం పనిచేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించి ఉంటే కనీసం నాలుగు వారాలు ఆగాలి.

ఇమ్యునోథెరపీ అంటే ఎలర్జీ పుట్టించే ఆ ప్రొటీన్‌నే అతి స్వల్ప మోతాదుతో మొదలుపెట్టి, క్రమంగా పెంచుతూ, నెలల తరబడి ఇవ్వడం. లండన్‌లో లియోనార్డ్ నూన్, జాన్ ఫ్రీమన్ 1911లో గడ్డి పుప్పొడి సారంతో మనుషుల మీద దీన్ని ప్రారంభించారు. 1941 నాటికే ఒక కుక్క పుప్పొడి ఎలర్జీకి ఇదే పద్ధతి వాడిన సంగతి వైద్య పత్రికలో అచ్చయింది. పదేపదే వచ్చే ఈ చిన్న మోతాదులకు శరీరం రెండు విధాలుగా స్పందిస్తుంది. ఒకటి, ఐజీఈ కంటే ముందే ఆ ప్రొటీన్‌ను పట్టుకునే ఐజీజీ యాంటీబాడీలు పెరుగుతాయి. రెండు, ప్రతిచర్యను అదుపు చేసే నియంత్రణ టి కణాలు పెరిగి, ఇంటర్‌ల్యూకిన్-10 అనే సంకేతంతో మిగతా కణాలను శాంతింపజేస్తాయి. స్టెరాయిడ్లు, ఆక్లాసిటినిబ్, లోకివెట్‌మాబ్ వంటి మందులు దురద సంకేతాన్ని ఎక్కడో ఒకచోట కత్తిరిస్తాయే తప్ప శరీరం ఆ ప్రొటీన్‌ను చూసే తీరును మార్చవు. ఆ తీరును మార్చగలిగిన చికిత్స ప్రస్తుతానికి ఇదొక్కటే.

అలాగని దీన్ని అద్భుతంగా చూడటం కూడా పొరపాటే. చికిత్స పొందిన కుక్కల్లో సగం నుంచి మూడింట రెండు వంతుల వరకు చెప్పుకోదగ్గ మేలు పొందుతాయి. మిగిలిన వాటికి పెద్దగా ఉపయోగం ఉండదు. ఏ కుక్క ఏ గుంపులో పడుతుందో ముందుగా చెప్పే పరీక్ష లేదు. మార్పు మూడు నాలుగు నెలలకు మొదలు కావచ్చు, కాకపోవచ్చు. పన్నెండు నెలలు గడవకుండా పని చేయలేదని తీర్పు చెప్పకూడదు. ఈలోగా కుక్కను దురదతో వదిలేయాలని కాదు, మందులు పక్కనే నడుస్తాయి. నా అంచనాలో ఈ చికిత్స విఫలమైందని చెప్పే సందర్భాల్లో కొన్ని నిజానికి విఫలమైనవి కావు, నాలుగో నెలలోనో ఐదో నెలలోనో ఆపేసినవి. చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇచ్చే పద్ధతిలో మొదట తరచుగా, తర్వాత వారానికో నెలకో ఒకసారి ఇస్తారు. నాలుక కింద రోజూ వేసే చుక్కల పద్ధతి కూడా ఉంది. ఇంజెక్షన్ తర్వాత దురద కొద్దిగా పెరిగితే మోతాదు మార్చాల్సిన సూచన అనుకోవాలి. తీవ్రమైన ప్రతిచర్యలు అరుదే గానీ, తొలి ఇంజెక్షన్ల తర్వాత అరగంట నుంచి గంట దాకా కుక్కను వైద్యుడి దగ్గరే ఉంచడం మంచిది.

సీసాలో ఏముందన్న ప్రశ్న మైట్ల విషయంలోనూ వదలదు. డస్ట్ మైట్ ఎలర్జీ ఉన్న మనుషులు ఎక్కువగా డెర్ ఎఫ్ 1, డెర్ ఎఫ్ 2 అనే ప్రొటీన్లకు స్పందిస్తారు. కుక్కల్లో మాత్రం చాలా వాటికి ప్రధాన శత్రువులు డెర్ ఎఫ్ 15, డెర్ ఎఫ్ 18 అనే ఇంకాస్త పెద్ద ప్రొటీన్లు. మనుషుల కోసం ప్రమాణీకరించిన మైట్ సారంలో కుక్కకు కావలసిన ప్రొటీన్ ఎంత ఉందో ఎవరూ కొలవకపోవచ్చు. దీనికి భిన్నమైన దారిలో జపాన్‌లో డెర్ ఎఫ్ 2 ప్రొటీన్ ఒక్కదాన్నే కృత్రిమంగా తయారుచేసి, పుల్లులాన్ అనే చక్కెర పదార్థానికి జోడించి కుక్కల కోసం ఇంజెక్షన్‌గా తెచ్చారు. ఆ ప్రొటీన్‌కే స్పందించే కుక్కలకు అది సరిపోతుంది, ఇతర కుక్కలకు సరిపోదు. అందుకే పరీక్ష ఎంత లోతుగా ఉంటే సీసా అంత ఖచ్చితంగా ఉంటుంది.

దోమల గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. వాటి లాలాజలానికి కుక్కల్లో స్పందన ఉన్నా అది సాధారణంగా చిన్న దద్దుతో పోతుంది. ముక్కు దూలం మీద గంటల్లోనే పుండ్లు పడి రక్తం కారే ఇయోసినోఫిలిక్ ఫురుంక్యులోసిస్ అనే పరిస్థితి పురుగు కాటు వల్లే వస్తుందని నమ్ముతారు. దానికి వైద్యం స్టెరాయిడ్లే, ఇమ్యునోథెరపీ కాదు.

మిగిలింది విషం. ఎలర్జీ చరిత్రలో కుక్కకు విషాదమైన స్థానమొకటి ఉంది. పోల్ పోర్టియర్, షార్ల్ రిషే అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు సముద్రపు అనిమోన్ అనే జీవి విషానికి కుక్కలను అలవాటు చేసి రక్షణ కల్పించాలని చూశారు. మొదటి మోతాదును తట్టుకున్న నెప్ట్యూన్ అనే కుక్క, మూడు వారాలకు పైగా గడిచాక మళ్లీ ఇచ్చిన మోతాదుకు అరగంటలోపే చనిపోయింది. రక్షణకు పూర్తిగా వ్యతిరేకమైన ఈ స్థితికి 1902లో వారు అనఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. ఆ పరిశోధనకు రిషేకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది.

తేనెటీగ కుట్టిన ప్రతి కుక్కకూ అనఫిలాక్సిస్ రాదు. ముక్కు, మూతి వాచి, కొన్ని గంటల్లో తగ్గిపోవడమే ఎక్కువ. తేనెపట్టు కదిలి వందల ఈగలు ఒకేసారి కుడితే ఎలర్జీ లేని కుక్క కూడా విషం పరిమాణం వల్లే చనిపోవచ్చు, అది వేరే సంగతి. ఒకటి రెండు కాట్లకే కుక్క కూలిపోవడం అసలైన ఎలర్జీ. మనుషుల్లో ఊపిరి అందకపోవడం ప్రధానంగా కనిపిస్తే, కుక్కల్లో దెబ్బ ముందుగా కాలేయం మీద, పేగుల మీద పడుతుంది. హఠాత్తుగా వాంతులు, ఒక్కోసారి రక్తంతో కూడిన విరేచనాలు, పాలిపోయిన చిగుళ్లు, నిలబడలేకపోవడం కనిపిస్తాయి. దద్దుర్లు అసలే లేకపోవచ్చు. ఇది తెలియక కడుపు చెడిందనుకుని గంటసేపు చూస్తూ కూర్చున్న యజమానులున్నారు. స్కానింగ్‌లో పిత్తాశయం గోడ ఉబ్బి కనిపించడం వైద్యుడికి మంచి ఆధారం. చికిత్సలో మొదటి మందు అడ్రినలిన్, ఆ తర్వాత సిరలోకి సెలైన్. యాంటీహిస్టమిన్ వీటికి ప్రత్యామ్నాయం కాదు. తేనెటీగ ముల్లు చర్మంలో ఉండిపోతే గోటితోనైనా వెంటనే తీసేయాలి. విషంలో అధిక భాగం మొదటి 20 సెకన్లలోనే లోపలికి పోతుంది, కాబట్టి ఎలా తీశామన్నదాని కంటే ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం.

విషం ఎలర్జీకి ఇమ్యునోథెరపీ ఎంత బలమైనదో మనుషుల అనుభవం చెబుతుంది. ఒకప్పుడు ఇక్కడ కూడా ఫ్లీల్లాగే తేనెటీగ మొత్తాన్ని నూరిన సారాన్నే దశాబ్దాల పాటు వాడారు. 1978లో అమెరికాలో అచ్చయిన ఒక పరీక్షలో రోగులను మూడు గుంపులు చేసి, చికిత్స తర్వాత కావాలనే కుట్టించి చూశారు. ఉత్తుత్తి మందు తీసుకున్న 12 మందిలో 7 మందికి, పురుగు సారం తీసుకున్న 11 మందిలో 7 మందికి ఒళ్లంతా ప్రతిచర్య వచ్చింది. స్వచ్ఛమైన విషం తీసుకున్న 18 మందిలో ఒక్కరికే వచ్చింది. అంటే అన్నేళ్లు వాడిన సారం నీళ్లతో సమానమని తేలింది. ఫ్లీ సారం కుక్కల్లో ఎందుకు పని చేయలేదో కూడా దీన్ని చదివితే సగం అర్థమవుతుంది.

కుక్కల్లో విషం ఇమ్యునోథెరపీ కొత్తదేమీ కాదు గానీ, అందరికీ అందేది కాదు. మనుషుల కోసం తయారైన శుద్ధ విషాన్నే వాడాలి. మొదటి దశలో మోతాదును గంటల్లో, రోజుల్లో వేగంగా పెంచే పద్ధతికి కుక్కను ఆస్పత్రిలో ఉంచి, అడ్రినలిన్ పక్కన పెట్టుకుని కాపలా కాయాలి. తర్వాత నెలల వ్యవధిలో నిర్వహణ మోతాదు కొనసాగుతుంది. మనుషుల్లో ఆ మోతాదు 100 మైక్రోగ్రాములు, అంటే సుమారు ఒకటి రెండు తేనెటీగ కాట్లతో సమానం. చికిత్స మూడు నుంచి ఐదేళ్లు సాగుతుంది. కుక్కల్లో చిన్న గుంపుల మీద జరిగిన ప్రయత్నాల్లో అవి దీన్ని బాగానే తట్టుకున్నాయి. తర్వాత మళ్లీ కాటుకు గురైన వాటిలో చాలా వాటికి స్థానిక వాపు మించి ఏమీ రాలేదు. ఎవరికి చేయాలన్నది మాత్రం జాగ్రత్తగా తేల్చాలి. మూతి వాచిన ప్రతి కుక్కకూ ఇది అవసరం లేదు. ఒకసారి కూలిపోయి బతికిన కుక్కకు, తోటలోనో పొలంలోనో మళ్లీ కాటు తప్పని పరిస్థితి ఉన్నదానికి దీన్ని ఆలోచించాలి. కుట్టింది తేనెటీగా, కందిరీగా అన్నది పరీక్షతో నిర్ధారించాకే సీసా ఎంచుకోవాలి. ఆ పరీక్ష కూడా కాటు తర్వాత కనీసం నాలుగు వారాలు ఆగి చేయాలి. అంతకు ముందు చేస్తే, ఖాళీ అయిన మాస్ట్ కణాలు తిరిగి నిండకపోవడం వల్ల ఎలర్జీ ఉన్న కుక్కకు కూడా లేదన్న ఫలితం రావచ్చు. చికిత్స మొదలై పూర్తి మోతాదుకు చేరేవరకు, ఆ తర్వాత కూడా, వైద్యుడు కుక్క బరువుకు లెక్కకట్టి ఇచ్చిన అడ్రినలిన్‌ను ఎలా వేయాలో ముందే నేర్చుకుని, బయటికి తీసుకెళ్లే ప్రతిసారీ వెంట ఉంచుకోవాలి.